ఆరు తీగలు, నాలుగు కార్తెలు

మీ ఇంట్లో అటక ఉందా? అటక మీద ఏముంటాయి? పాత బిందెలు ఉంటాయి. చిరిగిన చాపలు ఉంటాయి. ఎప్పుడో పనికొస్తాయని దాచిన డబ్బాలు ఉంటాయి. మా ఊళ్లో ఒక ఇంటి అటక మీద గిటారు ఉంది. మూడేళ్లుగా గోనెసంచిలో చుట్టి పెట్టి ఉంది.

మాది రాజోలు వైపు ఒక లంక ఊరు. చుట్టూ కొబ్బరి తోటలు. నేను టీచరు ట్రైనింగు చదివాను. సాయంత్రం పూట బడి వరండాలో పెద్దవాళ్లకు చదువు చెబుతాను. పోయిన వేసవిలో ఆ వరండాలోనే మేం నలుగురం గిటారు నేర్చుకున్నాం. ఎలా నేర్చుకున్నామో ఈ పాఠంలో చెబుతాను. ఎంత వచ్చిందో, ఎంత రాలేదో కూడా ఉన్నదున్నట్టు చెబుతాను.

గిటారు అటక దిగింది

ఆ గిటారు మా కుట్టు మిషను అక్కది. అక్క ఆరేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసింది. తిరిగి వచ్చేటప్పుడు కొడుకు కోసం గిటారు తెచ్చింది. కొడుకు వారం రోజులు వాయించాడు. వేళ్లు నొప్పి పుట్టాయి. ఒక తీగ తెగింది. గిటారు అటకెక్కింది.

అక్క ఇప్పుడు ఊళ్లోనే జాకెట్లు కుడుతోంది. సాయంత్రం మా కేంద్రానికి చదువుకోడానికి వస్తుంది. "ఎయిర్‌పోర్టులో కాయితం నింపమన్నారు తమ్ముడూ. ఎవరెవర్నో బతిమాలుకున్నాను. ఇంక ఎవర్నీ బతిమాలకూడదు అనుకున్నాను" అంటుంది.

ఏప్రిల్ నెలాఖరు. బడికి సెలవులిచ్చారు. అక్క ఒక రోజు అటక శుభ్రం చేస్తూ గిటారు దించింది. వరండాకు పట్టుకొచ్చింది.

"మా అబ్బాయి ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. ఫోను చూస్తూ కూర్చుంటాడు. వాడికి నేర్పించు తమ్ముడూ" అంది.

నాకు గిటారు రాదు. ఆ మాటే చెప్పాను. పక్కనే ఉన్న దింపు అన్న నవ్వాడు. దింపు అంటే కొబ్బరికాయలు దింపే పని. అన్న కాళ్లకు తాడు వేసుకుని పొద్దున్నే చెట్టెక్కుతాడు. మధ్యాహ్నానికి దిగుతాడు. సాయంత్రం పలక పట్టుకుని కూర్చుంటాడు.

"మీకూ రాదాండి మాస్టారూ? అయితే మనమందరం ఒకే తరగతండి, ఆయ్!" అన్నాడు.

అలా మొదలైంది. అక్క, అక్క కొడుకు, దింపు అన్న, నేను. నలుగురం.

నేర్పడానికి ఊళ్లోనే ఒక పెద్దాయన దొరికాడు. ఆయన ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. అందరం బాబాయి అంటాం. చర్చిలో పాటలు పాడే కుర్రాళ్లు సెలవులు అయ్యేదాకా వాళ్ల గిటారు ఒకటి ఇచ్చారు. అమలాపురం వెళ్లి కొత్త తీగల సెట్టు కొన్నాం. పాత తీగలు తుప్పు పట్టిపోయాయి మరి. ఉప్పుగాలి, తేమ ఉన్నచోట ఇనుప తీగ తొందరగా తుప్పు పడుతుంది.

దింపు అన్నకు ఒక గడువు ఉంది. ఆయన కూతురికి గురుకులంలో అయిదో తరగతి సీటు వచ్చింది. జూన్ 12న బడులు తెరుస్తారు. పాప హాస్టలుకు వెళ్లిపోతుంది.

"అది వెళ్లేలోపు ఒక్క పాట రావాలండి. చిన్నప్పుడు దాన్ని ఊపుతూ పాడిన జోలపాట. మా నాన్నకు చెట్టెక్కడం తప్ప ఏదీ రాదని అది అనుకోకూడదండి" అన్నాడు.

గిటారును చూద్దాం

గిటారు ఎలా ఉంటుందో తెలుసుకుందాం. గిటారుకు తల ఉంటుంది, మెడ ఉంటుంది, పొట్ట ఉంటుంది.

పొట్ట అంటే చెక్క పెట్టె. అది లోపల బోలుగా ఉంటుంది. మధ్యలో గుండ్రని కన్నం ఉంటుంది. తీగ ఒక్కటే కదిలితే చప్పుడు చిన్నగా వస్తుంది. ఆ కదలిక చెక్కకు తగులుతుంది. చెక్క కదులుతుంది. లోపలి గాలి కదులుతుంది. అప్పుడు చప్పుడు పెద్దదవుతుంది.

మెడ మీద అడ్డంగా ఇత్తడి రంగు కమ్ములు ఉంటాయి. వీణకు మెట్లు ఉంటాయి కదా. ఇవీ మెట్లే. ఇంగ్లీషులో ఫ్రెట్లు అంటారు.

తల దగ్గర ఆరు చెవులు ఉంటాయి. చెవి తిప్పితే తీగ బిగుస్తుంది, లేదా వదులవుతుంది. బిగిస్తే స్వరం పైకి పోతుంది. వదిలితే కిందికి దిగుతుంది.

తీగలు ఆరు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా వాటి పేర్లు ఇవి:

ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ.

మొదటిదీ చివరిదీ ఒకే పేరు. ఎందుకంటే రెండూ ఒకే స్వరం. లావు తీగది కింది స్థాయి. సన్న తీగది పై స్థాయి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఏ తీగను మీటితే అది సెకనుకు 110 సార్లు ఊగుతుంది. 12వ మెట్టు సరిగ్గా తీగకు సగం దూరంలో ఉంటుంది. అక్కడ నొక్కితే తీగ సగమే మోగుతుంది. అప్పుడు సెకనుకు 220 సార్లు ఊగుతుంది. పొడవు సగమైతే ఊగడం రెట్టింపు. స్వరం అదే, స్థాయి పెరుగుతుంది. మెట్లు ఒకదానికొకటి దగ్గరవుతూ పోవడం చూశారా? దాని వెనక ఉన్నది ఈ లెక్కే.

భరణి కార్తె: వేళ్ల నొప్పి

మేం మొదలుపెట్టేసరికి భరణి కార్తె వచ్చింది. సాయంత్రం ఆరు గంటలకు కూర్చునేవాళ్లం. గిటార్లు రెండే. అందుకని ఒక్కొక్కరికి పావుగంట.

బాబాయి మొదటి రోజు పాట చెప్పలేదు. శ్రుతి చేయడం చెప్పాడు.

"లావు తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కండి. మీటండి. కింద ఉన్న రెండో తీగ కూడా అలాగే మోగాలి. మోగకపోతే చెవి తిప్పండి" అన్నాడు.

ఇలాగే ఒక తీగతో ఇంకో తీగను సరిచూసుకుంటూ పోవాలి. జీ తీగ దగ్గర మాత్రం నాలుగో మెట్టు నొక్కాలి. మిగిలిన చోట్ల అయిదో మెట్టే. అక్క కొడుకు ఫోనులో ట్యూనరు పెట్టాడు. అది స్వరం విని, ఎక్కువైందో తక్కువైందో చూపిస్తుంది.

ఒక రోజు ఫోనులో చార్జింగు లేదు. దింపు అన్న తల పక్కకు వంచి విన్నాడు. "నాలుగోది కొంచెం దిగిందండి" అన్నాడు. బాబాయి చూశాడు. నిజమే.

ఎలా తెలిసింది అన్నా అని అడిగాను.

"కాయను వేలితో కొట్టి చూసి ముదురో లేతో చెబుతానుగాండి. ఇదీ అంతే. చెవి చెప్పేస్తాది" అన్నాడు.

ఆ రోజు నుంచి శ్రుతి చేసే పని అన్నకే ఇచ్చాం.

తర్వాత కార్డు నేర్చుకున్నాం. కార్డు అంటే రేషన్ కార్డు కాదు! మూడు స్వరాలను, లేదా ఇంకా ఎక్కువ స్వరాలను కలిపి ఒకేసారి మోగిస్తే దాన్ని కార్డు అంటారు. మొదట నేర్చుకున్నది ఈ మైనర్. దానికి రెండు వేళ్లు చాలు. ఏ తీగ, డీ తీగ రెండింటినీ రెండో మెట్టులో నొక్కాలి. ఆరు తీగలూ మీటాలి.

చెబితే ఇంతే. చేస్తే వేళ్లు మండాయి. ఇనుప తీగ వేలి కొసలో దిగబడిపోయింది. నాకు మూడో రోజుకే ఎర్రగా కందిపోయాయి. అక్క నవ్వింది. "సూది పోట్లు తినీ తినీ నాకు అలవాటే తమ్ముడూ" అంది.

బాబాయి చెప్పిన జాగ్రత్తలు ఇవి. మీకూ పనికొస్తాయి.

నొప్పి ఎక్కువైతే ఆపాలి. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. రెండు మూడు వారాల్లో వేలి కొస గట్టిపడుతుంది. ఊడుతున్న చర్మాన్ని పీకకూడదు. చేతులు నీళ్లలో నాని మెత్తబడినప్పుడు వాయించకూడదు. వారానికి ఒక రోజు రెండు గంటలు వాయించడం కన్నా, రోజూ పావుగంట మేలు. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవాలి.

దింపు అన్నకు ఇంకో తిప్పలు. ఆయన వేళ్లు ముందే గట్టివి. నొప్పి లేదు. కానీ తీగ తగిలిన స్పర్శ కూడా లేదు. అందుకని చాలా గట్టిగా నొక్కేవాడు. మరీ గట్టిగా నొక్కితే తీగ సాగుతుంది. సాగితే స్వరం పైకి పోతుంది. శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. అది అన్న చెవికి ముందే తెలిసిపోయేది. తప్పు గిటారుదే అనుకునేవాడు. మళ్లీ మళ్లీ చెవులు తిప్పేవాడు.

బాబాయి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, బొండాం పట్టుకున్నట్టు పట్టుకోకు. కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకో. మెట్టు మీద కాదు, మెట్టును ఆనుకుని వెనక నొక్కు. అక్కడైతే తక్కువ బలం చాలు" అన్నాడు.

అన్న అలాగే నొక్కాడు. స్వరం నిలబడింది. ఆయన మొహం చూడాలి మీరు!

కృత్తిక కార్తె: ఆగిపోయిన చేతులు

మే రెండో వారంలో కృత్తిక కార్తె వచ్చింది. ఎండలు ముదిరాయి. మా కష్టాలూ ముదిరాయి.

జోలపాటకు మూడు కార్డులు చాలన్నాడు బాబాయి. డీ, జీ, ఏ. సరిగమలు తెలిసినవాళ్లకు ఇలా చెప్పవచ్చు. డీని 'స' అనుకుంటే, జీ 'మ' అవుతుంది, ఏ 'ప' అవుతుంది. ఈ మూడింటితో చాలా పాటలకు తోడు వాయించవచ్చు.

కార్డు పట్టడం ఒక ఎత్తు. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకు మారడం ఇంకో ఎత్తు. మారేలోపు పాట ముందుకు వెళ్లిపోతుంది. రేవు దగ్గరికి చేరేసరికి పడవ కదిలిపోయినట్టు ఉంటుంది.

బాబాయి ఒక లెక్క పెట్టాడు. నిమిషంలో డీ నుంచి ఏకు ఎన్నిసార్లు మారగలం? నల్లబల్ల మీద సుద్దతో రాశాం.

మొదటి రోజు: అక్క కొడుకు 12. నేను 8. అక్క 7. దింపు అన్న 4.

వారం తర్వాత: అక్క కొడుకు 26. నేను 15. దింపు అన్న 6. అక్క రాలేదు.

అక్క ఎందుకు రాలేదు? పెళ్లిళ్ల రోజులు. జాకెట్లు గుట్టగా వచ్చి పడ్డాయి. రాత్రి పదింటిదాకా మిషను చప్పుడే. చదువుకూ రాలేదు, గిటారుకూ రాలేదు.

అక్క కొడుకు వేళ్లు చురుకైనవి. ఫోనులో చూసి రోజుకో పాట మొదలుపెట్టేవాడు. సినిమా పాటల మొదటి ముక్కలు పది వచ్చాయి. ఏ పాటా చివరిదాకా రాలేదు. అడిగితే, "అదంతా ఈజీయేనండి, తర్వాత చూద్దాం" అనేవాడు.

ఒక సాయంత్రం దింపు అన్న గిటారు పక్కన పెట్టేశాడు.

"వదిలేద్దామండి మాస్టారూ. నాకు ముప్పై ఆరేళ్లు. ఈ వయసులో ఈ వేళ్లు తిరగవు. అయినా ఇది మనది కాదండి. దొరల వాయిద్యం" అన్నాడు.

నేను ఏమీ అనలేకపోయాను. నాకూ విసుగ్గానే ఉంది. బాబాయి మాత్రం చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు. "దొరల వాయిద్యమా? ఏటి అవతలి సంగతి చెబుతాను విను" అన్నాడు.

ఏటి అవతలి మాండలిన్

దిండి దగ్గర చించినాడ వంతెన దాటితే పాలకొల్లు వైపు వెళతాం. మనకూ పాలకొల్లుకూ మధ్య వశిష్ఠ గోదావరి ఒక్కటే అడ్డం. ఆ పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న ఒక పిల్లవాడు పుట్టాడు. పేరు ఉప్పలపు శ్రీనివాస్. లోకమంతా మాండలిన్ శ్రీనివాస్ అని పిలిచింది.

మాండలిన్ ఇటలీ దేశంలో పెరిగిన వాయిద్యం. గిటారు కన్నా చిన్నది. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణగారు దాన్ని వాయించేవారు. ఆరేళ్ల వయసులో పిల్లవాడు తండ్రి మాండలిన్ అందుకున్నాడు. తండ్రి తన గురువుగారి దగ్గరే కొడుకును పెట్టారు. ఆయన పేరు రుద్రరాజు సుబ్బరాజుగారు.

ఇక్కడ అసలు సంగతి వినండి. సుబ్బరాజుగారు గాత్ర విద్వాంసులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! మరి ఎలా నేర్పారు? ఆయన పాడేవారు. పిల్లవాడు విని, అదే వాయించేవాడు. అలా నేర్చుకున్న శ్రీనివాస్ 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేశాడు. అప్పటికి అతనికి తొమ్మిదేళ్లు.

కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కు అంతకుముందు చోటు లేదు. శ్రీనివాస్ ఆ చోటు సంపాదించాడు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతల తీగలు ఉంటాయి. ఆయన అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించాడు. అలాగైతే గమకాలు బాగా పలుకుతాయి. దేశదేశాలు తిరిగాడు. జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లండు గిటారు విద్వాంసుడితో కలిసి 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో చనిపోయాడు. అప్పటికి 45 ఏళ్లే.

బాబాయి ఇంకా చెప్పాడు. "ఫిడేలు ఎక్కడిది? ఐరోపాది. రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితారు దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. తర్వాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వాయిస్తే జనం ముగ్ధులైపోయారు. పద్యనాటకానికి హార్మోనియం లేకుండా కుదురుతుందా? అదీ ఐరోపా నుంచి వచ్చిందే. వాయించేవాడిదే వాయిద్యం."

దింపు అన్న విన్నాడు. కానీ ఒప్పుకోలేదు.

"ఆయన ఆరేళ్ల పిల్లోడండి. పైగా దేవుడిచ్చిన విద్య. నాకెలా వస్తాదండి?" అన్నాడు.

మంచి ప్రశ్న. మీకూ ఈ ప్రశ్న వచ్చి ఉంటుంది. బాబాయి జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నిన్ను శ్రీనివాస్ అవమని ఎవడన్నాడురా? ఆయన నేర్చుకున్న దారి చూడు. ముందు పాట, తర్వాత చెయ్యి. నువ్వు ముందు చెయ్యి చూస్తున్నావు. ఆ జోలపాట నీకు పదేళ్లుగా వచ్చు. గిటారు అక్కడ పెట్టు. ముందు పాడు."

అన్న సిగ్గుపడ్డాడు. తర్వాత పాడాడు. మేం చప్పట్లతో తాళం వేశాం. ఎక్కడ కార్డు మారాలో బాబాయి ఒక దరువు వేసి చూపించాడు. ఆ రోజు ఎవరూ గిటారు ముట్టుకోలేదు. అయినా అప్పటిదాకా జరిగిన పాఠాల్లో అదే మంచి పాఠం.

రోహిణి కార్తె: అక్క రాసిన కాయితం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో అక్క తిరిగి వచ్చింది. పెళ్లిళ్ల కుట్టుపని తగ్గింది.

"అంతా మర్చిపోయాను తమ్ముడూ" అని దిగులుపడింది. గిటారు తీసుకుంది. మొదటి రోజు వేళ్లు తడబడ్డాయి. రెండో రోజుకు డీ వచ్చింది, ఏ వచ్చింది. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కొంచెం లోపలికి వెళ్లి దాక్కుంటుంది. పిలిస్తే వస్తుంది. కానీ ఎక్కువ రోజులు పిలవకుండా ఉండకూడదు.

అప్పటికి మాకు ఒక చిక్కు మిగిలింది. పాడుతుంటే కార్డు ఎక్కడ మారాలో గుర్తుండేది కాదు. ఏ మాట దగ్గర జీ? ఏ మాట దగ్గర ఏ? ప్రతిసారీ బాబాయి మొహం చూసేవాళ్లం.

"రాసుకుంటే పోలా?" అంది అక్క.

నేను కలం తీశాను. అక్క నా చేతిలోంచి కలం తీసుకుంది. "నేను రాస్తాను" అంది.

ఇంటికి వెళ్లి రాసింది. మర్నాడు నోటుబుక్కు కాయితం ఒకటి తెచ్చింది. అన్న పాడిన పాటంతా తెలుగులో రాసి ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు. మాటకూ మాటకూ మధ్య బాగా ఖాళీ. కార్డు మారే చోట మాట మీద ఎర్ర పెన్సిలుతో డీ, జీ, ఏ అని రాసింది. జాకెట్టు మీద కత్తిరింపు గుర్తులు పెట్టినట్టు పెట్టింది. రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. తనే దిద్దుకుంది.

అక్క ఎన్నో రోజులుగా పలక మీద రాస్తోంది. చెరిపేస్తోంది. ఇంకొకరి కోసం రాసిన మొదటి కాయితం ఇదే. దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించాం.

దింపు అన్న ఆ కాయితం చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఎర్ర గుర్తు రాగానే చెయ్యి మార్చాడు. ఆయన చదివే వేగం, ఆయన చెయ్యి మారే వేగం ఒకటే. రెండూ నెమ్మదే! అందుకని రెండూ కలిశాయి. అక్క కొడుకు కూడా ఆ వేగానికే తాళం వేశాడు. అలా నెమ్మదిగా వాయిస్తే పాట మొదటిసారి చివరిదాకా వెళ్లింది.

మూడు రోజులకు కొంచెం వేగం పెరిగింది. వారానికి అన్న కాయితం చూడటం తగ్గించాడు. నల్లబల్ల మీద లెక్క చూశాం. దింపు అన్న నిమిషానికి 17.

అక్క కొడుకు ఆ లెక్క చూశాడు. తనది 40 దాటింది. కానీ ఏ పాటా పూర్తి కాలేదు. నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, నాకో పాట రాసిపెడతావా?" అని. అక్క నా వైపు చూసింది. ఏమీ అనలేదు. కళ్లు తుడుచుకుంది.

మృగశిర: పాప ముందు పాట

జూన్ 8న మృగశిర కార్తె వచ్చింది. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. గాలి చల్లబడింది. ఇంకో మూడు రోజుల్లో పాప ప్రయాణం. ట్రంకు పెట్టె మీద పేరు రాయించారు.

పదో తేదీ సాయంత్రం దింపు అన్న ఇంటి అరుగు మీద చేరాం. జనం ఎక్కువ లేరు. ఇంటివాళ్లు, పక్కింటి పిల్లలు, మేం. పాపకు ముందు ఏమీ చెప్పలేదు.

అన్న శ్రుతి చూసుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. చెట్టు మీద వణకని చెయ్యి అరుగు మీద వణికింది. మొదలుపెట్టాడు.

రెండో చరణంలో జీ సరిగ్గా పడలేదు. తీగ బుస్సుమంది. అంతకుముందైతే ఆపేసేవాడు. ఇప్పుడు ఆపలేదు. బాబాయి మాకు నేర్పిన సూత్రం అది. "తప్పు పడితే పడనీ. తాళం వదలొద్దు. వినేవాళ్లు తప్పును మర్చిపోతారు, ఆగిపోతే మర్చిపోరు." అక్క కొడుకు రెండో గిటారు మీద తాళం వదలకుండా నిలబెట్టాడు. అన్న తర్వాతి మాట దగ్గర కలిశాడు.

చివరి చరణం వచ్చేసరికి పాప కూడా గొంతు కలిపింది. ఆ పాట దానికీ వచ్చు. పదేళ్లుగా విన్న పాటే కదా.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాప దగ్గరకొచ్చి తండ్రి వేళ్లు పట్టుకుని చూసింది. వేళ్ల మీద తీగల గీతలు ఉన్నాయి.

"నొప్పి పుట్టిందా నాన్నా?" అంది.

"లేదమ్మా. నువ్వు మళ్లీ వచ్చేసరికి ఇంకో పాట వస్తాది" అన్నాడు.

అక్క ఆ పాట ఇంకో కాయితం మీద రాసి పాపకు ఇచ్చింది. ఈసారి ఒత్తులు తప్పలేదు. పాప దాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పుస్తకాల మధ్య పెట్టుకుంది.

ఎవరికి ఎంత వచ్చింది?

ఆరు వారాల్లో గిటారు అంతా వచ్చేసిందా? రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పుకుందాం.

దింపు అన్నకు ఒక పాట వచ్చింది. మూడు కార్డులు వచ్చాయి. శ్రుతి చేయడం మా అందరికన్నా బాగా వచ్చు.

అక్కకు నాలుగు కార్డులు వచ్చాయి. మధ్యలో రెండు వారాలు పోయినా వచ్చాయి. ఇప్పుడు పాటల పుస్తకం రాస్తోంది. ఐదు పాటలు అయ్యాయి.

అక్క కొడుక్కు రెండు పాటలు పూర్తిగా వచ్చాయి. చర్చి గిటారు తిరిగి ఇచ్చేశాం కానీ, వాళ్ల బృందం ఆదివారాలు అతన్ని రమ్మంది.

నాకు ఒకటిన్నర పాట వచ్చింది. ఎఫ్ అనే కార్డు ఇంకా రాలేదు. దానికి ఒక వేలుతో అన్ని తీగలూ ఒకేసారి అదమాలి. బాబాయి నవ్వుతాడు. "పాడగా పాడగా రాగం. వస్తుందిలే మాస్టారూ" అంటాడు.

నేను పిల్లలకు పాఠం చెప్పేవాణ్ని. రానివాడి బాధ ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఈ వేసవిలో మళ్లీ తెలిసింది. ఇప్పుడు కేంద్రంలో ఎవరైనా అక్షరం తడబడితే నేను తొందరపెట్టను. నాకు ఎఫ్ కార్డు గుర్తొస్తుంది.

గిటారు మళ్లీ అటకెక్కలేదు. వరండాలో మేకుకు వేలాడుతోంది. వానాకాలం కదా, తడి తగలకుండా గోడకు దూరంగా గుడ్డ చుట్టి పెట్టాం. సాయంత్రం ఎవరు ముందు వస్తే వాళ్లు తీసుకుంటారు. పావుగంట. అంతే.

మీ అటక మీద ఏముంది? ఎప్పుడో మొదలుపెట్టి ఆపేసింది ఏదైనా ఉందా? ఒకసారి దించి చూడండి.

కొత్త మాటలు

శ్రుతి: స్వరాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసి ఉండటం.
మెట్టు: గిటారు మెడ మీద అడ్డంగా ఉండే కమ్మి.
కార్డు: కలిపి మోగించే మూడు లేదా ఎక్కువ స్వరాలు.
గమకం: స్వరాన్ని ఊపుతూ పలికించడం.

చెప్పండి చూద్దాం

1. గిటారుకు తీగలు ఎన్ని? వాటి పేర్లు ఏమిటి?
2. తీగను మరీ గట్టిగా నొక్కితే ఏమవుతుంది?
3. రుద్రరాజు సుబ్బరాజుగారు మాండలిన్ వాయించకుండానే ఎలా నేర్పారు?
4. దింపు అన్న నిమిషానికి 4 సార్ల నుంచి 17 సార్లకు వచ్చాడు. ఎన్ని పెరిగాయి?
5. అక్క కొడుకు చెయ్యి అందరికన్నా చురుకు. అయినా మొదట్లో ఏ పాటా ఎందుకు పూర్తి కాలేదు?

చేసి చూడండి

ఒక చెక్క పెట్టె మీద సన్నని తీగ బిగించి కట్టండి. మీటి వినండి. తర్వాత సరిగ్గా మధ్యలో వేలితో అదిమి మీటండి. ఏం తేడా వచ్చింది?

మీకు బాగా వచ్చిన జోలపాట గానీ, ఊడ్పుల పాట గానీ ఒక కాయితం మీద రాయండి. పెద్ద అక్షరాలతో, ఖాళీలు వదిలి రాయండి. తప్పు పడితే దిద్దుకోండి. రాసింది దాచుకోవద్దు. పక్కవాళ్లకు ఇచ్చి చదివించండి.